టెక్ సందేహాలు: పెరట్లో పిజ్జా ఓవెన్‌కి ఎంతవుతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కంటే పిజ్జా ఓవెన్లవే ఎక్కువ. విశాఖలో సొంత ఇళ్లున్నవాళ్లు పెరట్లో ఒకటి పెట్టుకుందామని చూస్తున్నారు. నాకు ఇష్టమైన విషయం కూడా కావడంతో ఈ వారం కాలమ్ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మధురవాడలో మాది సొంత ఇల్లు. పెరట్లో పదడుగుల జాగా ఉంది. తెలిసిన తాపీ మేస్త్రీ ఇటుకలతో 25 వేలకు కట్టేస్తానంటున్నాడు. రెడీమేడ్ గ్యాస్ ఓవెన్ 30 వేలు చెబుతున్నారు. ఏది మేలు?

జవాబు: మేస్త్రీని ముందు మూడు విషయాలు అడగండి. లోపల ఏ ఇటుక వాడతాడు, ఇటుకల మధ్య ఏం పెడతాడు, డోమ్ (గుండ్రటి పైకప్పు) పైన ఏం కప్పుతాడు? మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ 25 వేలు ఖర్చు పెట్టకండి.

పెందుర్తిలో మా బంధువుల ఇంట్లో జరిగింది చెబుతాను. ఎర్ర ఇటుక, మామూలు సిమెంటుతో డోమ్ కట్టించారు. పైన సున్నం, రంగులు, ముగ్గుతో చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నాలుగోసారి మంట వేసిన రోజు లోపలి నుంచి ఇసుక రాలి పిజ్జా మీద పడింది. చల్లారాక చెయ్యి పెట్టి సందుల్లో వేలితో గీకితే సిమెంటు పిండిలా ఊడి వచ్చింది. ఇందులో మేస్త్రీ పనితనం లోపమేమీ లేదు. సిమెంటు నీటిని తనలో కలుపుకొని గట్టిపడుతుంది. వేడి 400 డిగ్రీలు దాటాక ఆ నీరు వదిలిపోతుంది, దాంతో పట్టు సడలుతుంది. గోడలు కట్టే అలవాటుతో ఓవెన్ కడితే వచ్చే ఇబ్బంది ఇదే.

అంత వేడి ఎందుకంటారా? నేపుల్స్ పద్ధతిలో, అంటే 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ పనితనంలో, ఓవెన్ నేల దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో తయారైపోతుంది. అంచు పొంగి అక్కడక్కడా నల్లమచ్చలు పడతాయి, లోపల మెత్తగానే ఉంటుంది. మన ఇళ్లలోని ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అందులో పది నిమిషాలు ఉంచాల్సి రావడంతో పిండిలో తడి ఆరిపోయి అంచు బిస్కెట్ అవుతుంది. పెనం సరిగ్గా కాలకముందే దోశ పోస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా, అదే లెక్క.

కాబట్టి మీరు నిజానికి కొంటున్నది వేడిని. అది లోపలే నిలవాలి. ఇక ఖర్చు చూద్దాం. లోపలి వెడల్పు 36 అంగుళాలున్న డోమ్‌కి, నేలకి, ముందు ఆర్చ్‌కి కలిపి విరిగేవాటితో సహా 170 ఫైర్ బ్రిక్స్ (మంటకి తట్టుకునే ఇటుకలు) పడతాయి. కొలత 230 × 115 × 75 మిల్లీమీటర్లు. ఐఎస్ 8 గ్రేడు అని అడగండి. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి గాజువాక, ఆటోనగర్ వైపు విచారిస్తే ఈ సరుకు తెలిసినవాళ్లు దొరుకుతారు. ఒక్కోటి 50 రూపాయలు వేసుకుంటే 8,500. ఇటుకల మధ్య పెట్టే ఫైర్ క్లే (మంటకి తట్టుకునే మట్టి), సున్నం, ఇసుకకి 2 వేలు. కింద దిమ్మ, స్లాబు, కడ్డీలకి 9 వేలు. పొగ గొట్టానికి 3,500. మేస్త్రీ, హెల్పర్ కలిపి రోజుకు 1,700 చొప్పున ఆరు రోజులకు 10,200. రవాణాకి 2 వేలు, థర్మామీటర్‌కి మరో 2 వేలు.

ఇక అందరూ వదిలేసే ఖర్చు, సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్, అంటే వేడి బయటికి పోకుండా డోమ్ మీద కప్పే దుప్పటి. పనివాళ్లు సెరా వూల్ అంటారు. 25 మిల్లీమీటర్ల మందం, 7.3 మీటర్ల పొడవున్న చుట్టలు రెండు తీసుకుంటే డోమ్‌ని మూడు వరసలుగా చుట్టేయొచ్చు. దీనికి సుమారు 5,500. అన్నీ కలిపితే 42,700. ధరలు ఊళ్లోనే చోటును బట్టి మారతాయి కాబట్టి 40 నుంచి 50 వేలు అనుకోండి. బడ్జెట్ చాలకపోతే రంగులు, టైల్స్ మానేయండి, ఓవెన్ సైజు తగ్గించండి. బ్లాంకెట్ ఖర్చు మాత్రం తగ్గించొద్దు. అది లేకపోతే కట్టెలు రెట్టింపు కాల్చినా నేల వేడి నిలవదు, మూడో పిజ్జాకే అడుగు పచ్చిగా వస్తుంది. నేల ఇటుకల కింద కూడా ఇన్సులేషన్ ఉండాలి, లేకపోతే వేడంతా స్లాబులోకి దిగిపోతుంది. బ్లాంకెట్ కోసేటప్పుడు మంచి మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆ నూగు ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

పరవాడ వైపు నుంచి వచ్చే ఫ్లై యాష్ ఇటుకలు కింద దిమ్మకి చక్కగా పనికొస్తాయి, మంట తగిలే చోట మాత్రం వద్దు. గుమ్మం ఎత్తు డోమ్ లోపలి ఎత్తులో 63 శాతం ఉండేలా చూడండి. డోమ్ 18 అంగుళాలైతే గుమ్మం దాదాపు 11.3. గుమ్మం ఎక్కువైతే వేడి బయటికి పోతుంది, తక్కువైతే మంటకి గాలి అందదు. కట్టిన వెంటనే పెద్ద మంట వేయకండి. ఇటుకల్లో చేరిన తడి ఆవిరై ఒక్కసారిగా బయటికి రావాలని చూస్తే డోమ్ పగులుతుంది. వారం పాటు రోజూ చిన్న మంట, ఏ రోజుకారోజు కొంచెం పెంచుతూ పోండి. ఈ వారం ఓపిక పట్టనివాళ్ల ఓవెన్లే ఎక్కువగా పగుళ్లిస్తాయి.

కట్టెలకి మన తీరంలో సరుగుడు ఉంది. గట్టి కట్టె, మంచి సెగ ఇస్తుంది, బాగా ఎండింది తీసుకోండి. మంట మొదలైన అరగంటకి డోమ్ లోపలంతా మసిపట్టి నల్లగా అయిపోతుంది. కంగారు పడకండి. వేడి ఇంకా పెరిగేకొద్దీ నడినెత్తిన ఒక తెల్లమచ్చ కనిపిస్తుంది. అది చూస్తుండగానే విచ్చుకుంటూ అంచులకి దిగుతుంది. మసి కాలిపోయి ఇటుక అసలు రంగు బయటపడుతుందన్నమాట. అప్పుడు కణికల్ని ఒక పక్కకి తోసి, నేలని తడిగుడ్డ కర్రతో తుడిచి, చిటికెడు మైదా చల్లండి. వెంటనే నల్లబడితే ఇంకొంచెం ఆగాలి, మెల్లగా గోధుమరంగుకి వస్తే పిజ్జా లోపలికి పంపొచ్చు.

ఇక మీ ప్రశ్నకి సూటిగా జవాబు. నెలకి ఒకటి రెండుసార్లు, ఇంట్లో నలుగురికే అయితే గ్యాస్ ఓవెన్ కొనండి. 20 నిమిషాల్లో వేడెక్కుతుంది. ఇటుక ఓవెన్‌కి రెండు గంటలు కావాలి, బుట్టెడు కట్టెలు కావాలి. పండక్కి పదిహేను, ఇరవై మంది చేరే ఇల్లయితే కట్టించండి. రాత్రి పిజ్జాలయ్యాక మిగిలిన వేడితో పొద్దున బ్రెడ్డు కాల్చుకోవచ్చు, చిలగడదుంపలు కణికల పక్కన పెడితే తేనెలా వస్తాయి. ఆ సరదా గ్యాస్ ఓవెన్‌లో రాదు.

గ్యాస్ ఓవెన్ కొనేటప్పుడు మనది సముద్రపు గాలని గుర్తుంచుకోండి. స్టీలు 304 గ్రేడని బిల్లులో రాయించుకోండి. 202 గ్రేడు ఈ ఉప్పుగాలికి తొందరగా తుప్పు మరకలు పడుతుంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అంటారు కొందరు. 202కి కూడా అయస్కాంతం అంటుకోదు, ఆ పరీక్షని నమ్మకండి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మూడంతస్తుల ఇల్లు. డాబా మీద ఇటుక ఓవెన్ కట్టుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఒక ఫైర్ బ్రిక్ సుమారు 4 కిలోలు. 170 ఇటుకలే 680 కిలోలు, దిమ్మతో కలిపితే టన్ను దాటుతుంది. మనుషులు తిరిగే డాబాని మన ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల అదనపు బరువుకి డిజైన్ చేస్తారు. మీ ఓవెన్ రెండు చదరపు మీటర్ల లోపే ఉంటుంది, అంటే 300 కిలోల లెక్కతో కట్టిన చోట టన్ను పెట్టినట్టే. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి, కింద బీములు చూసి, రాసిస్తే తప్ప ఆ ఆలోచన పెట్టుకోకండి. పది, పదిహేను కిలోల గ్యాస్ ఓవెన్ అయితే టెన్షన్ లేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు లోపలికి తెచ్చేసుకోవచ్చు కూడా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవాళ్లకి డాబా మీద ఏదీ వదలకూడదని చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్ నుంచి సంక్రాంతికి వస్తోంది. ఊనీ కంపెనీ పిజ్జా ఓవెన్ అక్కడ 400 డాలర్ల చుట్టూ ఉందట, తెమ్మంటారా? గాజువాకలో మా ఇంట్లో గ్యాస్ సిలిండర్‌కే తగిలించుకుంటాం.

జవాబు: గ్యాస్ మోడల్ మాత్రం వద్దని చెప్పండి. అక్కడి రెగ్యులేటర్ బిగింపు వేరు, మన 14.2 కిలోల సిలిండర్ వాల్వ్ వేరు. ఒకదానికొకటి పట్టవు. అక్కడ వాడేది ప్రొపేన్, మన ఎల్పీజీలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది. ప్రెషర్ కూడా ఒకటే అని చెప్పలేం. ఇక్కడి గృహ రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ల దగ్గర ఇస్తుంది. పైపు కోసి క్లాంపు బిగించి ఇచ్చేవాళ్లు ఊళ్లో దొరుకుతారు. దయచేసి ఆ పని చేయించకండి. గ్యాస్ దగ్గర సర్దుబాట్లు ప్రాణాల మీదికి తెస్తాయి.

కరెంటు మోడల్ కూడా కుదరదు. అది 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే 1,600 వాట్ల హీటర్ మీద మూడున్నర రెట్లకి పైగా భారం పడి కాలిపోతుంది. అంత పవర్‌కి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే డబ్బుతో ఇక్కడే మంచి ఓటీజీ వస్తుంది. తేవాలనే ఉంటే కట్టెలతో, బొగ్గుతో నడిచే కరూ 12 మోడల్ తెమ్మనండి. 12 కిలోల బరువు, సూట్‌కేసు లెక్కలో సగం దానికే పోతుందని అమ్మాయికి ముందే చెప్పండి. వారంటీ పనులు ఇక్కడ జరుగుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: కరోనా టైములో కొన్న థర్మామీటర్ గన్ ఇంట్లోనే ఉంది. ఓవెన్‌కి పనికొస్తుందా?

జవాబు: రాదు. అది ఒంటి వేడికి చేసింది, 43 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పారిశ్రామిక ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనండి, 550 డిగ్రీల వరకు కొలిచేది కావాలి. చవకవాటిలో కొన్ని 380 దగ్గరే ఆగుతాయి, పెట్టె మీద చదివి తీసుకోండి. దాని మీద 12:1 అని ఉంటే, 60 సెంటీమీటర్ల దూరం నుంచి కొడితే 5 సెంటీమీటర్ల వృత్తంలో సగటు వేడి చూపిస్తుందని అర్థం. గన్ వేసే ఎర్రచుక్క గురి కోసమే. ఇటుక మీద రీడింగ్ నమ్మొచ్చు. మెరిసే స్టీలు మీద కొడితే ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి చెయ్యి పెట్టకండి.

ప్రశ్న: 30 వేల పిజ్జా ఓవెన్ 4,999కే అని యాడ్ వచ్చింది. ముందే యూపీఐలో కట్టాలంటున్నారు. ఆర్డర్ పెట్టనా?

జవాబు: పెట్టకండి. సైటులో జీఎస్టీ నంబరు ఉందేమో చూడండి, ఉంటే జీఎస్టీ పోర్టల్లో వెతికి పేరు సరిపోతుందో లేదో చూసుకోండి. ఇలాంటి సైట్లలో సాధారణంగా అదే ఉండదు. ఒకవేళ ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు అవతలి ఖాతాలోంచి బయటికి వెళ్లేలోపు చెబితేనే ఆపగలిగే వీలుంటుంది.

ప్రశ్న: సీతమ్మధారలో అద్దె ఇల్లు, పెరడు లేదు. ఓటీజీ ఉంది. 2 వేలలో ఏమైనా దారి ఉందా సర్?

జవాబు: ఉంది, ఈ ఊళ్లో ఉన్నందుకు అది మీకు సులువు కూడా. ఆటోనగర్‌లో ప్లేట్లు కోసేచోటికి వెళ్లి 6 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ (మామూలు ఉక్కు) ప్లేటు కోయించుకోండి. ఓటీజీ లోపల కొలిచి, చుట్టూ ఒక్కో అంగుళం ఖాళీ ఉండేలా కొలత ఇవ్వండి. 30 × 30 సెంటీమీటర్ల ముక్క 4.2 కిలోలు తూగుతుంది. కోత కూలితో కలిపినా వెయ్యి లోపే అవ్వాలి. జింకు పూత ఉన్న రేకు మాత్రం ఇస్తే తీసుకోకండి, వేడికి దాని పొగ ప్రమాదం. అంచులు అరగదీయించుకోండి, లేకపోతే చెయ్యి కోసుకుంటుంది.

పిజ్జా స్టోన్ (పిజ్జా కాల్చే రాతి పలక) కంటే ఉక్కు ఎన్నో రెట్లు వేగంగా వేడిని పిండికి అందిస్తుంది. అందుకే 250 డిగ్రీల్లో కూడా అడుగు కరకరలాడుతుంది. కొత్త ప్లేటు మీద నల్లటి పొర ఉంటుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి తోమితే పోతుంది. తర్వాత కొత్త దోశ పెనానికి చేసినట్టే పల్చగా నూనె రాసి, కాల్చి, మళ్లీ రాసి, మూడు నాలుగుసార్లు ఇలాగే చేయండి. వైరు ర్యాక్ మీద ప్లేటు పెట్టి, పై నుంచి రెండో గాడిలో ఉంచి, ఫుల్లు మీద 45 నిమిషాలు వేడి చేయండి. పిజ్జా పెట్టే ముందు పైన హీటర్ ఒక్కటే ఉండేలా నాబ్ తిప్పండి. ఐదారు నిమిషాల్లో తయారు. ప్లేటు చల్లారడానికి గంట పడుతుంది, అప్పటిదాకా తలుపు తెరిచి ఎవరి చెయ్యీ పెట్టనీయకండి. ఈ ఊరి తేమకి రెండు రోజుల్లో తుప్పు పడుతుంది కాబట్టి వాడిన ప్రతిసారీ పల్చగా నూనె రాసి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి పెట్టుకోండి.