లైనక్స్ పట్టుదల ఉద్యోగానికి అడ్డమవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేసుకుంది. మన సమాచారం లాగేసుకుంటుందంటూ, ప్లేస్‌మెంట్ పరీక్షలకు కాలేజీ వాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్‌ను కూడా పెట్టుకోనంటోంది. ఈ పట్టుదలతో ఉద్యోగం చేజారుతుందేమోనని మా భయం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి నిర్ణయాల్లో ఉద్యోగానికి అడ్డు వచ్చేది పరీక్ష సాఫ్ట్‌వేర్ ఒక్కటే. మిగిలినవన్నీ ఆమె చదువుకు పనికివచ్చేవే. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌కూ, పెద్ద కంపెనీల సర్వర్లలో అత్యధిక భాగానికీ పునాది లైనక్సే కనుక, రోజూ దానితో పనిచేసే విద్యార్థికి ఆ అలవాటు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే అక్కరకొస్తుంది.

అయితే ఒక విషయంలో ఆమె తన ఆలోచనను ఇంకాస్త పదును పెట్టుకోవాలి. లైనక్స్‌లాగా సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్) అందరికీ కనిపించే ‘ఓపెన్ సోర్స్’ అయినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ భద్రమైనదనుకోకూడదు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతాన్ని ఆమె శ్రద్ధగా చదవాలి. ఫైళ్లను కుదించే ఆ చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు భారాన్ని చాలావరకు ఒక్క వ్యక్తే స్వచ్ఛందంగా మోస్తుండగా, సాయం చేస్తానంటూ చేరిన మరొకరు రెండేళ్లకు పైగా ఓపికగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడేందుకు ఒక దొంగదారిని దాచిపెట్టారు. రిమోట్ లాగిన్‌కు (దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి) మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కారణం వెతుక్కుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నారు. కోడ్ అందుబాటులో ఉండటం వల్లే ఆయన దాని మూలం దాకా వెళ్లగలిగారు, కానీ అంతకుముందు అదే కోడ్ ఎందరి కళ్ల ముందో ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడైనా దాన్ని ఎవరు నిర్వహిస్తున్నారు, వారికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, మన యంత్రం నుంచి ఏ సమాచారం బయటికి వెళ్తోంది అని ఆరా తీయడం ఆమెకు అలవాటు కావాలి. ఇంటర్వ్యూలో ఈ ఉదంతాన్ని అర్థం చేసుకుని వివరించగలిగితే అది సర్టిఫికెట్ కోర్సుల కంటే బలమైన అర్హత అని నా అభిప్రాయం.

ఇతరుల కోడ్‌ను ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే లైసెన్సుల సంగతీ తెలుసుకోవాలి. ఎంఐటీ లైసెన్సు కోడ్‌ను దాని కాపీరైట్ ప్రకటన తీసేయకుండా దేనిలోనైనా వాడుకోవచ్చు. జీపీఎల్ అనే మరో లైసెన్సు ఉన్న కోడ్‌ను కలుపుకుని తయారుచేసినదాన్ని ఇతరులకు పంచితే మాత్రం సోర్స్ కోడ్‌ను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. కాలేజీ ప్రాజెక్టుల్లో ఇతరుల కోడ్ తెచ్చి పేరు చెరిపేసి పెట్టుకోవడం మామూలైపోయింది. నైతికత గురించి పట్టించుకునే విద్యార్థి మొదట మానుకోవలసింది అదే.

ఇక సొంత గోప్యత. కోడ్‌ను దాచుకుని పంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో బహిరంగంగా పెట్టే ప్రతి కమిట్‌లోనూ (నమోదు చేసే ప్రతి మార్పులోనూ) మన పేరూ ఈమెయిలూ ఉండిపోతాయి కాబట్టి, అసలు ఈమెయిల్ బయటపడకుండా ఆ సంస్థే ఇచ్చే నోరిప్లై చిరునామాను ముందే పెట్టుకోమనండి. రెజ్యుమేలో ఆధార్ నంబరు, ఇంటి చిరునామా అవసరం లేదు. ఎవరైనా గుర్తింపు కాపీ అడిగి, ఆధార్ ఇవ్వక తప్పకపోతే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం మేలు.

ఈ ఆసక్తికి ఉద్యోగ దారి కూడా ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, కేంద్రం ముఖ్యమైనవిగా ప్రకటించే సంస్థలు మన దేశంలోనే ఉండే డేటా రక్షణ అధికారిని నియమించుకోవాలి. కోడ్ చదవగలిగి, చట్టం కూడా తెలిసినవారికి ఇక్కడ చోటుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ చాలా ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్) మీద పనిచేస్తోంది. అలాంటి బృందంతో కలిసి ఒక తెలుగు అనువాదమో, చిన్న లోపం సవరణో చేసినా అది అందరూ చూడగలిగే పని అవుతుంది.

పరీక్ష విషయంలో మాత్రం పట్టు సడలించమనండి. ల్యాప్‌టాప్‌లో వేరే భాగంలో విండోస్ పెట్టుకుని, దాన్ని పరీక్షలకే వాడుకోవచ్చు, లేదా కాలేజీ ల్యాబ్‌లో రాస్తానని అడగవచ్చు. పరీక్ష సాఫ్ట్‌వేర్ కెమెరా, మైకుల ద్వారా ఏం నమోదు చేస్తుంది, ఎంతకాలం దాచుకుంటుంది, ఎవరికి ఇస్తుంది అని ప్లేస్‌మెంట్ అధికారికి మర్యాదగా ఒక లేఖ రాయమనండి. మొదటి కంపెనీ వచ్చేలోపు జవాబు అందేలా, ఆ లేఖను ఈ వారమే ఇవ్వడం మంచిది.