కొరియా నుంచి బిడ్డ వచ్చేలోగా

చిరంజీవులైన మీ ఇద్దరికీ ఆశీస్సులు.

దత్తతకు సియోల్‌లో పిల్లాడు కుదిరాడనీ, వచ్చి తీసుకెళ్లమని అమెరికాలో ఉన్న మీకు ఇక పిలుపు రావడమే తరువాయనీ రాశారు. ఆ పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అలాగని చేతులు కట్టుకుని కూర్చునే కాలం కాదిది. గదికి రంగులూ, మంచానికి బొమ్మల దుప్పట్లూ తర్వాత చూసుకోవచ్చు. ముందు కాగితాలు సరిచూసుకోండి. ఆ తర్వాత, వాడు అక్కడ ఎలా బతుకుతున్నాడో నేర్చుకోండి. మీ చేతికి వచ్చేసరికి వాడికి రెండేళ్లు దాటతాయి. ఓ ఇంటి వాసన, ఓ అమ్మ గొంతు, ఓ భాష అన్నీ అలవాటైన పిల్లాడు వస్తున్నాడు మీ ఇంటికి.

అక్కడి చట్టం సంగతి మొదట తెలుసుకోండి. 2012 ఆగస్టు నుంచి కొరియాలో దత్తతకు కుటుంబ న్యాయస్థానం ఆమోదం తప్పనిసరి. కన్నతల్లి ప్రసవమైన వారం తర్వాతే సమ్మతి ఇవ్వాలి, ముందు ఆ దేశంలోనే తల్లిదండ్రుల కోసం వెతకాలి. 2025 జులై 19న దత్తతల బాధ్యత ఏజెన్సీల చేతుల్లోంచి ప్రభుత్వానికి వెళ్లింది, అక్టోబరు 1న దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం అక్కడ అమల్లోకి వచ్చింది. విదేశీ దత్తతలను 2029 కల్లా ఆపేస్తామని కూడా ఆ ప్రభుత్వం ప్రకటించింది. ఊరికే కాదు. వెనకటి దశాబ్దాల్లో తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా రాసి, కాగితాలు మార్చి పంపిన కేసులున్నాయని అక్కడి సత్య, సయోధ్యల కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. ఇది చదివి కుంగిపోకండి, కానీ పక్కన పెట్టకండి కూడా. కన్నతల్లి సమ్మతి ఏ తేదీన ఇచ్చింది, వివరాలు ఎవరు నమోదు చేశారు, దేశంలో వెతికిన ఆధారం ఫైల్లో ఉందా, ఈ మూడూ నోరు తెరిచి అడగండి. ప్రతి కాగితానికీ కొరియన్ మూలం, అనువాదం రెండూ తీసుకోండి. రేపు పిల్లాడు ఇరవయ్యేళ్లవాడై అడిగినప్పుడు చూపించాల్సింది మీరే.

మీ ఫైలు పాత పద్ధతిలో నడుస్తోందా, కొత్త పద్ధతిలోనా అన్నది ఏజెన్సీ చేత రాయించుకోండి. అమెరికా ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు పాత దారిలో ఐ-600ఏ, హేగ్ దారిలో ఐ-800ఏ. నోటిమాట మీద ఒకటి దాఖలు చేసి, అది కుదరక మళ్లీ మొదటికొస్తే నెలలు పోతాయి.

కాగితాల్లో మనవాళ్లకు దెబ్బ కొట్టేవి ముఖ్యంగా మూడు. మొదటిది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్లో ముందువెనకలవుతుంది. ఇవన్నీ ఒకరివేనని అఫిడవిట్ రాసి నోటరీ చేయించి అపోస్టిల్, అంటే ఆ కాగితం విదేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర, వేయించండి. అపోస్టిల్ వేసేది ఆ నోటరీ ఉన్న రాష్ట్రమే. నోటరీ గారి గడువు తేదీ కూడా చూసుకోండి, త్వరలో ముగిసేదైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. రెండోది ఇండియా పోలీసు క్లియరెన్స్. పద్దెనిమిదేళ్లు దాటాక మీరు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న ఏళ్లకు అది అడుగుతారు. పాత హాస్టల్ చిరునామాతో సహా అన్నీ ఒకే వరసలో రాసి పెట్టుకోండి. హోమ్ స్టడీలో, అంటే మీ ఇంటినీ మిమ్మల్నీ పరిశీలించి సోషల్ వర్కర్ రాసే నివేదికలో ఒకలా, క్లియరెన్స్ దరఖాస్తులో ఇంకోలా ఉంటే మళ్లీ సంజాయిషీ రాయాల్సి వస్తుంది.

మూడోది ఎవరికీ తట్టదు. ఆరు నెలలు ఉండటానికి మీ అమ్మానాన్నలు వస్తారు కదా. ఇంట్లో ఉండే పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి ఎవరైనా హోమ్ స్టడీ లెక్కలోకి రావచ్చు. వస్తే వాళ్లకూ వేలిముద్రలు, తనిఖీలు తప్పవు. టికెట్లు కొనకముందే సోషల్ వర్కర్‌ని అడగండి. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, జబ్బు చేసినా అదే రోజు చెప్పండి. వేలిముద్రలకు పదిహేను నెలలే గడువు. అది తీరడానికి మూడు నెలల ముందు క్యాలెండర్‌లో ఎర్రగా గుర్తు పెట్టుకోండి.

మీలో ఒకరికి ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంది కదా. గ్రీన్ కార్డు ఉందిగా అని ధీమా పడొద్దు, కొరియా వీసా కావాలి. కోర్టుకు ఒకసారి, పిల్లాణ్ణి తెచ్చుకోవడానికి ఒకసారి వెళ్లాల్సి రావచ్చు కాబట్టి ఎక్కువసార్లు ప్రవేశం ఉన్న వీసాకే అడగండి.

ఇక అసలు పని. పిల్లాడు ఇప్పుడు, దత్తత అయ్యేదాకా వాణ్ణి సాకుతున్న అమ్మ దగ్గర ఉన్నాడు. ఆవిడనే ‘ఒమ్మా’ అని పిలుస్తుంటాడు. వాడి దృష్టిలో మీరు వాణ్ణి అమ్మ దగ్గర్నుంచి లాక్కుపోయేవాళ్లు. ఈ మాట కటువుగా ఉన్నా మనసులో నాటుకోనివ్వండి, ఆ తర్వాత చేయాల్సినవన్నీ దానంతటవే అర్థమవుతాయి. ఆవిడకు పంపే ప్రశ్నలు చిన్నవిగా ఉండాలి: ఏ వైపు తిరిగి పడుకుంటాడు, ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటాడు, పాలు ఎంత వేడిగా తాగుతాడు, బట్టలు ఏ సబ్బుతో ఉతుకుతారు, దేనికి భయపడతాడు. ఆ సబ్బే మీరూ కొనండి. కప్పుకునే దుప్పటి ఇస్తే ఉతక్కండి, కొన్ని వారాలు ఆ వాసనే వాడికి ఇల్లు.

మన ఇళ్లకూ వాళ్ల ఇళ్లకూ కలిసే సంగతులు చాలా ఉన్నాయి. చెప్పులు గుమ్మం దగ్గర విడవడం, కింద పరుపేసుకుని అమ్మ పక్కన పడుకోవడం, అన్నం. అన్నప్రాసన నాడు మనం పుస్తకం, కలం, బంగారం పెట్టి ఏది పట్టుకుంటాడో చూసినట్టే వాళ్లు మొదటి పుట్టినరోజున దారం, డబ్బు, కుంచె, బియ్యం పెట్టి చూస్తారు. దాన్ని ‘తొల్జాబి’ అంటారు. మీ వాడు ఏం పట్టుకున్నాడో అడిగి, ఫొటో తీసుకోండి. పేరులో కూడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఆ సొంత పేరు తీసేయకండి. మీరు పెట్టే పేరు పక్కన ఉండనివ్వండి, మొదటి నెలల్లో దాంతోనే పిలవండి.

వాడికి అమ్మ పక్కన నేలమీద పడుకోవడం అలవాటు కాబట్టి అమెరికా స్నేహితులు వేరే గదిలో తొట్టి మంచం కొనమంటే వినొద్దు. మీ గదిలో నేలమీద పరుపు వేయండి, పక్కన అమ్మ పడుకోవాలి. అక్కడ పిల్లల్ని ‘పొదేగి’ అనే పట్టీల దుప్పటితో వీపున కట్టుకుంటారు. ఒకటి తెప్పించుకుని ఇరవై పౌండ్ల సోనామసూరి సంచితో కట్టడం సాధన చేయండి. ఆ సంచి తొమ్మిది కిలోలు, పిల్లాడు అంతకంటే బరువే ఉంటాడు. పట్టీ ఛాతీ మీద మరీ బిగిస్తే ఊపిరాడదు, అక్కడే విసిగి మానేయకండి.

అన్నం దగ్గర జాగ్రత్త. సోనామసూరి పొడిపొడిగా రాలిపోతుంది, వాడి నోటికి కొత్త. పొట్టి గింజ బియ్యం కొని, కడిగి అరగంట నానబెట్టి, గ్లాసుకు గ్లాసూ పైన కాస్త నీళ్లతో వండండి, ముద్దగా అంటుకోవాలి. దాన్ని ‘కిమ్’ అనే సముద్రపు నాచు రేకులో చుట్టి పెడితే దాదాపు ప్రతి పిల్లాడూ తింటాడు. ‘జుక్’ అంటే మన జావలాంటిదే, జబ్బు చేసినప్పుడు అదే. ఎండు నాచుతో చేసే ‘మియోక్‌కుక్’ చారు నేర్చుకోండి. నాచు నానితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, గుప్పెడు వేస్తే గిన్నె పొంగిపోతుంది, చిటికెడుతో మొదలుపెట్టండి. కారం, పోపు, ఇంగువ మొదటి మూడు నెలలు వాడి పళ్లెంలోకి రానీయకండి. మీది శాకాహార వంటిల్లు. వాడికి గుడ్డు, చేప, మాంసం అలవాటై ఉంటాయి. ఇల్లూ అమ్మా భాషా పోయిన పిల్లాడి పళ్లెంలోంచి గుడ్డు కూడా తీసేయడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. ఆచారం ఎంతవరకు సడలించగలరో ఇప్పుడే ఇద్దరూ తేల్చుకోండి, పెద్దవాళ్లకూ ఇప్పుడే చెప్పండి. ఆవుపాలు కొద్దికొద్దిగా ఇవ్వండి, చాలామంది కొరియన్లకు అవి పడవు.

భాష పెద్దగా అక్కర్లేదు, ముప్ఫై మాటలు చాలు. ‘మూల్’ నీళ్లు, ‘షి’ ఒంటేలు, ‘ఉంగా’ దొడ్డికి, ‘ఇరివా’ ఇలా రా, ‘క్వెన్చనా’ ఫర్వాలేదు, ‘ఒబుబా’ వీపునెక్కించుకో. తిండికి పసివాళ్ల మాట ‘మమ్మా’, మన మమ్మం లాంటిదే, వాడు మిమ్మల్ని పిలుస్తున్నాడనుకోకండి. ‘అప్పా’ అంటే నాన్న, ‘అపా’ అంటే నొప్పి. రాత్రి వాడు ‘అపా అపా’ అని ఏడిస్తే నాన్న మురిసిపోతూ ఎత్తుకోవడం కాదు, చెవో పొట్టో చూడాలి. మీరు తప్పు పలికినా ఫర్వాలేదు. సాకుతున్న అమ్మ చేత ఈ మాటలు పలికించి రికార్డు చేసుకోండి.

కోర్టులో ఇద్దరూ ఉండాలి. ముదురు రంగు బట్టలు, క్లుప్తమైన జవాబులు, దుబాసి ముగించేదాకా ఆగడం. ఎందుకు దత్తత, పుట్టుక సంగతి ఎప్పుడు చెబుతారు, అల్లరి చేస్తే ఏం చేస్తారు, ఇలాంటివి అడుగుతారు. చివరిదానికి మనవాళ్లు ‘రెండు తగిలిస్తాం’ అని చనువుగా అనేస్తారు. 2021 జనవరిలో కొరియా తన పౌరస్మృతిలోంచి తల్లిదండ్రుల దండనాధికారాన్నే తీసేసింది. నోటి చివర కాదు, మనసులోనే ఆ ఆలోచన లేకుండా చేసుకుని వెళ్లండి.

అప్పగించే రోజున సాకిన అమ్మకు రెండు చేతులతో కానుక ఇవ్వండి, వంగి నమస్కరించండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. పిల్లాణ్ణి ఏమార్చి ఎత్తుకుపోకండి, ఆవిడే చేతికివ్వాలి, వాడు చూస్తుండగా వీడ్కోలు చెప్పాలి. ఆ రాత్రి గుక్కపట్టి ఏడుస్తాడు. ఏడవకుండా, ఏదిస్తే అది తిని, ఎవరెత్తుకుంటే వాళ్ల దగ్గరకు వెళ్లే పిల్లాణ్ణి చూసి ఎంత బుద్ధిమంతుడో అనుకోవద్దు. అది తట్టుకోలేక ముడుచుకుపోవడం. ఏడుపు వారాల తర్వాత వస్తుంది, అప్పుడు భయపడకండి.

ఇంటికొచ్చాక రెండు మూడు నెలలు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరి చేతులతోనే జరగాలి. అమ్మమ్మ, నానమ్మ వంట చేయొచ్చు, బట్టలు మడతపెట్టొచ్చు, ఎత్తుకోకూడదు. ఇది వాళ్లకు పెద్ద శిక్షలాగుంటుంది, అందుకే ముందే కూర్చోబెట్టి కారణం చెప్పండి: అందరూ ఎత్తుకుంటే అమ్మానాన్న ఎవరో వాడికి తేలదు. నామకరణం, విందు అన్నీ ఆర్నెల్ల తర్వాతే. ‘పుణ్యం చేసుకున్నారు’, ‘వాడి అదృష్టం’, ‘పెంపుడు కొడుకు’ అనే మాటలు వాడి ముందు ఎవరు అన్నా అక్కడికక్కడే ఆపండి. తెలుగు అర్థంకాదులే అనుకుంటారు, ఏడాదికల్లా అన్నీ అర్థమవుతాయి.

రెండు వారాల్లోపు పిల్లల డాక్టరుకు చూపించండి. నడుము మీద, పిరుదుల మీద నీలి మచ్చలుంటే మొదటి రోజే ఫొటో తీయించి రికార్డులో రాయించండి, మన పిల్లలకూ ఉంటాయి కాబట్టి మీకు వింతనిపించదు, కానీ డేకేర్‌లో దెబ్బలనుకుంటారు. భుజం మీద చిన్న చుక్కలు వరసగా ఉంటే అది క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా గుర్తు. మన భుజాల మీద ఒకటే మచ్చ, అక్కడ తరచూ తొమ్మిది సూదుల ముద్ర రెండుసార్లు వేస్తారు. చర్మం మీద చేసే క్షయ పరీక్ష దానివల్ల తప్పుగా పాజిటివ్ రావచ్చు, రక్తపరీక్ష సంగతి అడగండి.

చివరగా పౌరసత్వం. కొరియాలోనే దత్తత పూర్తయిన వీసాతో వస్తే అమెరికాలో అడుగుపెట్టగానే పౌరుడవుతాడు. అయినా పౌరసత్వ పత్రం, పాస్‌పోర్టు రెండూ మొదటి ఏడాదిలోనే తీసుకోండి. వెనకటి రోజుల్లో తల్లిదండ్రులు పౌరసత్వం సంగతి పట్టించుకోక, పెద్దయ్యాక దేశం నుంచి గెంటివేతకు గురైన కొరియా దత్తపుత్రులున్నారు. పౌరసత్వ పత్రం, కోర్టు తీర్పు, కన్నతల్లి కాగితాలు బ్యాంకు లాకర్లో ఒక ప్రతి, ఇంట్లో ఒక ప్రతి పెట్టండి.

సాకిన అమ్మ ఫొటో మాత్రం లాకర్లో కాదు, వాడి కళ్లెత్తున గోడకు పెట్టండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ