తాతగారి జంట గొట్టాల తుపాకీ

ప్రశ్న: మా తాతయ్య పోయాక ఆయన జంట గొట్టాల తుపాకీ నాకు వచ్చింది. లైసెన్సు నా పేరు మీదికి మార్పించుకున్నాను. పన్నెండు బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత), బయటికి కనిపించే రెండు హ్యామర్లు, గొట్టాల నిండా మెలికల చారలు. తాతయ్య దీంతో జీవితమంతా కాల్చారు, ఏమీ కాలేదు. రేంజికి తీసుకెళ్లి క్లే టార్గెట్లు, అంటే గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు, కొట్టాలని సరదా. పన్నెండు బోరు తూటా ఏదైనా ఇందులో పడుతుంది కదండీ?

జవాబు: పడుతుంది. గొడవంతా అందుకే.

పాత పన్నెండు బోరు తుపాకుల్లో చాలావాటికి తూటా కూర్చునే గది పొడవు 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా అమ్మే తూటాలు 70. ఆ 70 అనేది తూటా పేలి, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉంటుంది, 65 గదిలోకి హాయిగా దూరిపోతుంది. తుపాకీ కూడా టక్కున మూసుకుంటుంది. మీకు ఏ అనుమానమూ రాదు. పేలినప్పుడు మాత్రం ఆ మడత విప్పుకోవడానికి చోటు చాలదు. గది చివర గొట్టం సన్నబడే దగ్గర ఇరుక్కుని గుళ్ల దారికి అడ్డుపడుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. కుర్రతనంలో మా మేనమామ తుపాకీతో నేనూ ఇదే పని చేశాను. నాలుగు కాల్చేసరికి భుజం కమిలింది. పట్టు కుదరలేదేమో అనుకుని ఇంకో రెండు కాల్చాను, అదీ నా తెలివి! తర్వాత ఖాళీ తూటాలు ఏరి చూస్తే మూతులు అరిగిపోయిన చీపురు కొసల్లా పీచులు లేచి ఉన్నాయి. గది కొలిపిస్తే 65. ఆ సాయంత్రం మామయ్య నాతో మాట్లాడలేదు.

అందుకని తాతగారు జీవితమంతా కాల్చారన్న మాటను నేను కాదనను. ఆయన ఏ తూటాతో కాల్చారన్నదే నా ప్రశ్న. ఇంట్లో పాత డబ్బా ఏదైనా దొరికితే దాని మీద ఏం రాసుందో చూడండి. లోపలి తూటాలను మాత్రం కాల్చకండి.

ఇక ఆ చారలు. అవి డమాస్కస్ గొట్టాలయి ఉండవచ్చు. ఇనుము, ఉక్కు కడ్డీలను కలిపి మెలిపెట్టి, ఆ పట్టీని ఒక ఊచ చుట్టూ తాడులా చుట్టి, ఎర్రగా కాల్చి సుత్తి దెబ్బలతో అతికించేవారు. చూడముచ్చటైన పని, నాకూ మహా ఇష్టం. కానీ గొట్టం పొడుగునా అతుకే. లోపల ఎక్కడైనా తుప్పు తింటే పైకి కనపడదు. పైగా ఇలాంటివి చాలావరకు పొగ చిమ్మే పాత నల్లటి తుపాకీ మందు కాలానివి. (నల్లమందు అనబోయి ఆగాను, అది వేరే వ్యవహారం.)

గొట్టాలు విడదీసి అడుగు భాగం చూస్తే చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. ఇంగ్లండులో చేసినదైతే లండన్‌లోనో, 1813లో పెట్టిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లోనో (గొట్టాల గట్టిదనం పరీక్షించే చోటు) వేసినవై ఉంటాయి. మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి కాల్చి, తట్టుకున్న గొట్టానికే ఆ ముద్ర. 'నైట్రో ప్రూఫ్' అని ఉంటే పొగలేని కొత్త మందుకు పరీక్ష పాసయిందన్నమాట. లేకపోతే దుకాణంలో దొరికే మామూలు తూటా జోలికి పోవద్దు. ఉన్నా సరే, అది ముద్ర వేసిన రోజు మాట. ఆ తర్వాత ఎవరైనా తుప్పు పోవాలని లోపల అరగదీసి ఉంటే గోడ పలచబడి ఉంటుంది.

ఇంట్లో మీరు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ముందు తుపాకీని మడత దగ్గర తెరిచి రెండు గదులూ ఖాళీ అని కళ్లతో చూడండి. నాకు తెలుసులే అనుకోవద్దు. గొట్టాలను వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి, నీడ ఉంగరంలా కనిపిస్తే అక్కడ సొట్టో ఉబ్బో ఉన్నట్టు. విడదీసిన గొట్టాలను కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టండి. గుడి గంటలా మోగాలి. పగిలిన కుండలా పలికితే రెండు గొట్టాలనూ కలిపే అతుకు వదిలిందని అనుమానించాలి. ఇవన్నీ బాగున్నా అనుభవమున్న తుపాకీ మెకానిక్ చేత గది పొడవు, గొట్టం లోపలి కొలత, గోడ మందం కొలిపించాల్సిందే. కొన్ని పాత గొట్టాలకు నడిమి భాగంలో అర మిల్లీమీటరు గోడే మిగిలి ఉంటుంది. అది చేతి స్పర్శకు తెలిసేది కాదు.

ఆయన సరేనంటే, ఆయన చెప్పిన పొడవు, ఒత్తిడికి తగ్గ తూటాలే కొనండి. 24 గ్రాముల సీసపు గుళ్లు క్లే టార్గెట్లకు చాలు. ఉక్కు గుళ్లు వద్దు, పాత గొట్టాల మూతి వాటిని ఓర్చుకోదు. ఇరవై బోరు తూటా ఒక్కటి కూడా జేబులో ఉండకూడదు. బోరు అంకె పెరిగేకొద్దీ తూటా సన్నం కాబట్టి, అది పన్నెండు బోరు గదిలోంచి జారి ముందు ఇరుక్కుంటుంది. గది ఖాళీగా ఉందనుకుని వెనక ఇంకోటి పెట్టి కాల్చారో, గొట్టం చీలిపోతుంది. అందుకే ఇరవై బోరుకు పసుపు రంగు వాడతారు. కళ్లద్దాలు, చెవులకు మఫ్లు సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ప్రశ్న: తుపాకీని టైరుకు కట్టి, తాడుతో దూరం నుంచి ట్రిగ్గర్ లాగి రెండుసార్లు కాల్చి చూస్తే చాలంటున్నాడు మా బావ. నిజమేనా?

జవాబు: మీ బావగారు దూరంగా నిలబడతానన్నారు, అంతవరకు తెలివైనవారే. రెండు తూటాలు తట్టుకున్న గొట్టం మూడోదానికి చీలదని ఆ తాడు చెప్పదు. పైగా ఆ రెండింటికే లోపల పగులు మొదలైతే మీకు తెలిసే దారీ లేదు. కొలతే కావాలి.

మా మేనమామ తుపాకీని కొలిచాయన ఎడమ గొట్టం పనికిరాదన్నాడు. ఇప్పుడది నా దగ్గరే ఉంది. ఏడాదికి రెండుసార్లు నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ తాళం వేసేస్తాను.