చిన్నపిల్లలతో వైజాగ్ రాళ్ల బీచ్‌లకు పోవచ్చా?

మిర్యాలగూడ నుంచి నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబు, అత్తమ్మతో కలిసి పోతున్నాం, ఫొటోల్లో కనిపించే యారాడ, తొట్లకొండ దగ్గరి రాళ్ల తీరం పిల్లలకు సేఫేనా అని అడిగారు కదా అక్కా. పోవచ్చు. కాకపోతే రాళ్లు చూసే చోటు వేరు, నీళ్లలో ఆడుకునే చోటు వేరు అని ముందే అనుకుని పోండి. మేము నల్గొండ నుంచి మా ఇద్దరు పిల్లలతో, మా అమ్మతో పోయినప్పుడు అట్లనే చేశాం, టెన్షన్ సగం తగ్గింది.

మన దిక్కు పిల్లలకు నీళ్లంటే చెరువు, లేదంటే సాగర్ కాలువ. అల సంగతి వాళ్లకు తెలియదు. వచ్చేటప్పుడు నెట్టేది చూసి నవ్వుతారు గానీ, వెనక్కి పోయేటప్పుడే అసలు గుంజుడు, కాళ్ల కింది ఇసుక కూడా జారిపోతుంది. మనకు మోకాలి లోతంటే మీ పాపకు దాదాపు నడుము దాకా వచ్చినట్టే.

యారాడ డాల్ఫిన్ నోస్ కొండ దాటినంక వస్తుంది. మూడు వైపులా కొండలు, ముందు సముద్రం, చూడటానికి మస్తుంటుంది, కానీ అలలు గట్టివి, స్నానాలకు అసలు వద్దు. ఇసుకలో గూళ్లు కట్టించి తీసుకొచ్చేయండి.

నన్నడిగితే పిల్లలకు యారాడ కంటే మంగమారిపేట నచ్చుతుంది. భీమిలి రోడ్డులో, తొట్లకొండకు కింద ఉంటుంది, అక్కడే సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది. దానికి టైమ్ చూసుకుని పోవాలి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి, ప్రతిరోజూ ముందురోజు కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంటాయి, కాబట్టి నిన్న ఎవరో పోయిన టైమ్ ఈరోజు మీకు పనికిరాదు. అమావాస్య, పున్నమి రోజుల్లో నీళ్లు పెరిగే, తగ్గే తేడా ఇంకా ఎక్కువ. పోటు, ఆటు టైమ్‌లు ఫోన్‌లో చూడొచ్చు, ఒడ్డున వలలు సర్దుకునే వాళ్లను అడిగినా చెప్తారు. నీళ్లు తగ్గుతున్నప్పుడు పోయి, మళ్లీ పెరగకముందే వచ్చేయాలి. రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చిన్న పీతలుంటే మావాడు వాటి దగ్గర కూర్చుని లేస్తే ఒట్టు! రాళ్లకు పాచి ఉంటుంది, అంటుకున్న గుల్లలకు కాళ్లు కోసుకుపోతాయి, అందుకే వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేయించండి, హవాయి చెప్పులు వద్దు. తోరణం మీదికి ఎక్కొద్దు, కింద నిలబడి ఫొటోలు కూడా వద్దు. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, చేయి పట్టుకునే ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండొద్దు, మా ఇంట్లో ఈ ఒక్క విషయానికే గొడవైంది.

నీళ్లలో ఆడించాలంటే రుషికొండకు తీసుకుపోండి. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు చూపించిన చోటనే దింపండి. అత్తమ్మ సముద్ర స్నానం అంటారేమో, మా అమ్మ కూడా పట్టుబట్టింది, ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో పోశాం, కాసేపు సణిగింది గానీ పుణ్యం అదే వస్తుందిలే అని ఊరుకుంది.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం ఉంటుంది, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. డిసెంబరు, జనవరి బాగుంటాయి, సంక్రాంతి రద్దీ ఒక్కటి తప్పించుకోండి. మధ్యాహ్నం ఎండకు బీచ్ ఎందుకు, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించండి, సోమవారం మాత్రం ఉండదు. మీకు విశాఖ ఎక్స్‌ప్రెస్ మిర్యాలగూడలోనే ఆగుతుంది, రాత్రి ప్రయాణం కాబట్టి పిల్లలు పడుకుంటారు. జన్మభూమి కూడా ఉంది గానీ పగలంతా కూర్చోవాలి, నాలుగేళ్ల పాపతో నేనైతే ఎక్కను. సకినాలు తీసుకుపోతే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, ఆ గాలికి సాయంత్రానికే మెత్తబడతాయి.