ఆ గోరు జోలికి పోకు అమ్మడూ

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావుగంట మాట్లాడింది. గ్యాస్ బండ సంగతి, పక్కింటి వాళ్ళ పెళ్లి, బరంపురంలో నీ హాస్టల్ తిండి, అన్నీ అయ్యాక ఇంక పెట్టేస్తుందనగా “అన్నట్టు అన్నయ్యా, అది శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతుందట, కాలి బొటనవేలి గోరేమో ఊడేట్టుంది” అంది. మొదటి మాటకి లేచి కూర్చున్నాను, రెండో మాటకి నిద్ర ఎగిరిపోయింది.

మన ఇంట్లో ఆడపిల్ల ఆ కొండ ఎక్కడం ఇదే మొదలు, తెలుసా నీకు? మీ అమ్మమ్మకి ఎంత ఆశో. ప్రతి శివరాత్రికీ పర్లాకిమిడిలో మేడ మీద నిలబడి అటువైపు దండం పెట్టుకునేది, అంతే. పొద్దున్న టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పేశాను, మా మేనకోడలు పొద్దున్నే లేచి ఐదేసి కిలోమీటర్లు పరిగెడుతోంది, కొండ ఎక్కబోతోంది అని. గోరు సంగతి మాత్రం చెప్పలేదు.

గోరు నల్లబడింది మీ అమ్మకి కనబడకుండా ఎర్ర గోళ్ళ రంగు వేసుకున్నావట కదా. ఎవరిని మోసం చేద్దామని? ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ రంగు తుడిచెయ్. లోపల ఏం జరుగుతోందో నీకే కనబడకపోతే ఎలా?

నీ గోరుకి ఇప్పుడు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. సబ్బునీళ్ళతో కడుగు, వేళ్ళ సందుల్లో కూడా తడి లేకుండా తుడుచుకో. లేచిపోయి దుప్పటికీ సాక్సుకీ తగులుకుంటున్న ముక్క వరకు మాత్రం శుభ్రమైన కట్టర్‌తో కత్తిరించు. అంటుకుని ఉన్న దాని జోలికి పోకు. పైన బ్యాండ్ ఎయిడ్ గానీ గాజ్ గుడ్డ పెట్టి పేపర్ టేపు గానీ చుట్టు, బిగించకు, తడిస్తే మార్చు. అంతే.

ఈ “అంతే” నేర్చుకోవడానికి నాకు ఎంత పట్టిందో చెప్తాను, విను.

1983. నాకు ఇరవై నాలుగేళ్ళు, పోస్టాఫీసు ఉద్యోగంలో కొత్తగా చేరాను. రోజంతా సైకిలు, ఆదివారం ఫుట్‌బాల్. ఒక ఆటలో అవతలివాడు బూటు కాలితో నా బొటనవేలి మీద దిగాడు. ఆ రాత్రి గుండెకాయ వచ్చి కాలి వేలిలో కొట్టుకుంటున్నట్టు ఉండింది. గోరు కింద రక్తం చేరి అంత సలుపు పెడితే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి వెళ్తే గోరుకి చిన్న చిల్లు పెట్టి ఆ రక్తం వదిలేస్తారని, క్షణంలో బాధ తగ్గుతుందని నాకు తర్వాత తెలిసింది. (నువ్వు సూది కాల్చి ఇంట్లో ప్రయత్నించకు. నీ గురించి నాకు తెలుసు.) మనకి అప్పుడు మగతనం కదా, పళ్ళు బిగబట్టి పడుకున్నాను. రెండు రోజులకి సలుపు పోయింది, గోరు నేరేడు పండులా అయింది, మూడు వారాలకి ఒక పక్క లేచింది, అచ్చం నీకులాగే.

శివరాత్రికి ముందురోజు. మర్నాడు మేం ఆరుగురం మహేంద్రగిరికి బయల్దేరాలి. వాళ్ళలో ఒకడు నా కాలు చూసి, “అడ్డం కదరా, పీకి పారేయ్” అన్నాడు. సైకిలు రిపేరుకి వాడే కటింగ్ ప్లేయర్ చేతిలో ఉంది, తుప్పుది. లేచిన వైపు పట్టుకుని లాగితే సగానికి పైగా సులువుగానే వచ్చింది. వేలు మొదట్లో, చర్మం దగ్గర మాత్రం రాలేదు. అక్కడ ఆగాల్సింది. ఇంత వచ్చింది కదా అని కళ్ళు మూసుకుని ఒక్క గుంజు గుంజాను.

ఆ నొప్పి గురించి రాయను, నీకు కొండ మీద గుర్తొస్తుంది. రక్తం ఆగలేదు. దెబ్బ తగిలితే ఇంట్లో పసుపూ సున్నం కలిపి పెట్టడం చూశాను కాబట్టి ఆ పచ్చి మాంసం మీద అదే పెట్టాను. సున్నం! నవ్వుకో. పాత లుంగీ గుడ్డ చింపి కట్టాను. తెల్లారి వాళ్ళు ఐదుగురూ వీధిలోంచి పిలుస్తుంటే కడుపు బాగోలేదని అబద్ధం చెప్పి లోపలే పడుకున్నాను. మర్నాటి నుంచి అదే కట్టుతో సైకిలెక్కి ఉత్తరాలు పంచాను. నాలుగో రోజుకి వేలు వాచి ఎర్రగా మెరుస్తోంది, వాసన మొదలైంది, గుడ్డ పుండుకి అతుక్కుపోయింది.

మీ తాత సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది, రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప, అందులో తొమ్మిది తిట్లు. ఆ రాత్రి ఆయన ఏమీ అనలేదు. చెంబులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చుకుని, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని, ఆ గుడ్డ మీద కాస్త కాస్త పోస్తూ నానబెట్టి, ఒక్కో పోగూ విడదీశాడు. గంట పైనే పట్టింది. ఒక్కసారి కూడా లాగలేదు. లాంతరు వెలుతురులో ఆయన నడినెత్తి మీద జుట్టు పలచబడిందని అప్పుడే చూశాను. తర్వాత తిట్టాడులే, ఆస్పత్రికి వెళ్ళే దారంతా.

ఆస్పత్రిలో డాక్టర్ ఒడియాయన. వేలు చూసి, నా మొహం చూసి, “కాహింకి టాణిల?” అన్నాడు. ఎందుకు లాగావు అని. ఒడియాలోనూ తెలుగులోనూ నా దగ్గర జవాబు లేదు. టీటీ ఇంజెక్షన్ వేశాడు, మందులు రాశాడు. ఊడుతున్న గోరైనా కింద లేత మాంసానికి మూతలా ఉంటుందట, కింద కొత్తది తోసుకొస్తుంటే పాతది దానంతట అదే వదిలేస్తుందట. నేను మూత తీయడమే కాక కొత్త గోరు పుట్టే చోటుని కూడా చీల్చుకున్నాను. అందుకే నా కుడి బొటనవేలి గోరు ఇప్పటికీ శనక్కాయ తొక్కలా మందంగా, వంకరగా ఉంటుంది. మీ అత్త ఉన్నప్పుడు ప్రతి ఆదివారం నా కాలు నీళ్ళలో నానబెట్టి తనే కత్తిరించేది, “ఇది గోరు కాదు, మహేంద్రగిరి” అనేది. ఇప్పుడు నేనే కళ్ళజోడు పెట్టుకుని వంగుతున్నాను. పొట్ట అడ్డం వస్తోంది.

ఇంకొకటి, దీనికి మాత్రం నవ్వకు. మన ఇంట్లో షుగర్ ఉంది. మీ పెద్దమావయ్యకి కాలి చివరి వేలు పోయింది కదా, అది మొదలైంది గోరు తీసుకుంటుంటే తెగిన చిన్న గాటుతో. కాలికి స్పర్శ తగ్గిపోయింది కాబట్టి ఆయనకి నొప్పే తెలియలేదు, బూటులో నాలుగు రోజులు అలాగే తిరిగాడు. నీకు ఇరవై ఆరేళ్ళే, ఏమీ ఉండదు, అయినా కొండకి వెళ్ళేలోపు ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకుని నాకు చెప్పు. టీటీ ఎప్పుడు వేయించుకున్నావో మీ అమ్మని అడుగు. చీము కారినా, ఎరుపు వేలు దాటి పాకినా, సలుపు తగ్గకుండా పెరిగినా, జ్వరం తగిలినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి, రేపు అనకూడదు.

బూట్ల మాట. ఆన్‌లైన్‌లో కొత్తవి ఆర్డర్ పెట్టావట, కొండ మీదే మొదటిసారి వేసుకుంటావట. ఎవరు నేర్పారమ్మా నీకు? వెనక్కి పంపించెయ్. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఎక్కేటప్పుడు వేసుకునే సాక్సుతోనే దుకాణానికి వెళ్ళి చూసుకో, అన్నిటికంటే పొడుగు వేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. నీ గోరు ఇలా అయింది కూడా పరుగులో బూటు ముందు భాగానికి కొట్టుకునే అయ్యుంటుంది. మిగతా గోళ్ళు తిన్నగా కత్తిరించుకో, మూలలు లోపలికి తవ్వకు.

అందరూ ఎక్కడం గురించే టెన్షన్ పడతారు. గోరుని చంపేది దిగడం. 1501 మీటర్ల కొండ, దిగేటప్పుడు ఒళ్ళు బరువంతా బూటు ముందుకి జారి ప్రతి అడుగుకీ వేలు గుద్దుకుంటుంది. దిగడం మొదలెట్టే ముందు కూర్చుని, మడమని వెనక్కి కొట్టి ఆనించి, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టు, వేళ్ళ దగ్గర వదులుగానే ఉంచు. చిన్న అడుగులు వెయ్. ఫ్రెండ్స్ పరిగెత్తితే పరిగెత్తనీ.

దారిలో గోరు దానంతటదే ఊడి వచ్చిందే అనుకో, కంగారు పడకు. మంచినీళ్ళతో కడిగి, వాజలిన్ రాసి, అంటుకోని గాజ్ పెట్టి కట్టు. గుడ్డ కట్టకు. ఇవన్నీ సంచిలో ఉండాలి. ఓ వారం పది రోజులు లేతగా ఉండి ఆ చర్మం గట్టిపడుతుంది. కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది, ఏడాదిన్నర కూడా పడుతుంది, రోజూ చూసుకుని ఏడవకు. నలుపు గోరుతో పాటు ముందుకి జరగకుండా ఒకేచోట ఉండిపోతే మాత్రం డాక్టర్‌కి చూపించు.

శివరాత్రికి ఇంకా పన్నెండు రోజులుంది. బాగా లేకపోతే మానెయ్, నేను మరుసటి ఏడు ఎక్కాను, వంకర గోరుతోనే. కొండ మీద భీముడి గుడి అంటే ఆకాశం అంత ఉంటుందనుకున్నాను, చూస్తే చిన్నది, కానీ ఆ రాళ్ళు ఒక్కోటి ఎంతుంటాయో! ఎవరు మోశారో పైకి! కుంతి గుడి దగ్గర గాలికి నా తువ్వాలు ఎగిరిపోయింది. అక్కడ మీ అమ్మమ్మ పేరు చెప్పి ఒక కొబ్బరికాయ కొట్టు, డబ్బులు నేను ఫోన్‌పే చేస్తాను.

ఇవాళ రాత్రి రంగు తుడిచాక గోరు ఫోటో పంపు. ట్యూబ్‌లైటు కింద తియ్, వేలు సగం దుప్పట్లో ఉంటే నాకేం తెలుస్తుంది.

మీ మావయ్య