ముల్లు ముందు, రికార్డులు తర్వాత

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డులు పోగుచేయాలని ఉందనీ, మొదట ఏ పది రికార్డులు కొనాలో చెప్పమనీ రాశావు. ఆ పది పేర్లు నేను చెప్పను. నీ చెవికి ఏది హాయిగా ఉంటుందో నీకు తెలిసినంతగా నాకు తెలియదు. తప్పనిసరిగా ఉండాల్సిన రికార్డులంటూ ఎవరో ఒకరు జాబితాలు రాస్తూనే ఉంటారు. వాటిని పట్టుకుని కొన్నవాళ్ల ఇళ్లలో సగం రికార్డులు ఒక్కసారి తిరిగి అరలో చేరతాయి, మళ్లీ బయటికి రావు. నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. డబ్బయినా శ్రద్ధయినా ముందు రికార్డు మీద ఆని పాట పలికించే ముల్లు మీద పెట్టు, రికార్డుల సంఖ్య సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటావా? ఎల్పీకి ఒక్కో వైపు ఉండేది ఒకే ఒక్క గాడి. బయటి అంచున మొదలై సుడి తిరుగుతూ లోపలికి వస్తుంది. ఇరవై నిమిషాలు ఆడే వైపున ఆ గాడిని తిన్నగా సాగదీయగలిగితే పొడవు 400 మీటర్లు దాటుతుంది. వెడల్పు మాత్రం వెంట్రుకవాసి. స్టీరియో రికార్డులో ఆ గాడి లోపలి గోడ మీద ఎడమ స్పీకరు సంగీతం, బయటి గోడ మీద కుడి స్పీకరు సంగీతం చెక్కి ఉంటాయి. ఆ రెండు గోడలనూ తాకుతూ వజ్రపు మొన నడుస్తుంది. ప్లాస్టిక్ మీద వజ్రం నడిస్తే అరిగేది ఏదో తెలిసిందే. మొన నున్నగా ఉండి, తగిన బరువుతో ఆనితే ఆ అరుగుదల ఏళ్ల తరబడి విన్నా చెవికి తెలియదు. అదే మొన అరిగి అంచుదేరిందంటే గాడి గోడలను ఉలిలా చెక్కేస్తుంది. అలా పోయినదాన్ని ఏ శుభ్రతా, ఏ ఖరీదైన యంత్రమూ తిరిగి తీసుకురాలేవు.

అందుకని రికార్డును తిప్పి పాడించే టర్న్‌టేబుల్ ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడుగు: దీని ముల్లు రికార్డు మీద మోపే బరువు మార్చుకునే వీలుందా, ముల్లు మార్చుకునే వీలుందా? రెండింటికీ అవునన్న జవాబు వస్తేనే ముందుకు వెళ్లు. చిన్న పెట్టెలా మూత వేసి మోసుకెళ్లే రకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కొత్తవాళ్ల మనసు మొదట దాని మీదికే పోతుంది. చాలావాటిలో సిరామిక్ కార్ట్రిడ్జి ఉంటుంది. కార్ట్రిడ్జి అంటే ముల్లును పట్టి ఉంచి, దాని అదురును విద్యుత్తుగా మార్చే చిన్న డబ్బీ. రికార్డు మీద అది మోపే బరువు ఎక్కువ, తగ్గించే మార్గం ఉండదు. పైగా స్పీకర్లు అదే పెట్టెలో ఉండటంతో వాటి అదురు ముల్లుకు చేరుతుంది. నా మాట విని దాన్ని వదిలెయ్యి. బెల్టుతో తిరిగేదా, మోటారు నేరుగా తిప్పేదా అన్న వాదనలో పడి నెలలు గడపవద్దు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 నేరుగా తిరిగే రకమే, దాన్ని ఈనాటికీ మెచ్చుకుంటూ వాడేవాళ్లున్నారు. బెల్టు రకాల్లోనూ అంత నమ్మకమైనవి ఎన్నో ఉన్నాయి. తిరిగే వేగం నిలకడగా ఉండి, ముల్లును మోసే చెయ్యి వదులు కాకుండా ఉంటే చాలు.

పాతది కొంటే దానితో వచ్చిన ముల్లును నమ్మకు. ఎన్ని గంటలు ఆడిందో అమ్మేవాడికే తెలిసి ఉండదు. మామూలు వజ్రపు మొన మంచి స్థితిలో ఉండేది 500 నుంచి 1000 గంటలు. కాబట్టి నీ మొదటి ఖర్చు కొత్త ముల్లు. మంచి రికార్డును దాని కింద పెట్టేది ఆ తర్వాతే.

ఇంకో వస్తువును కొత్తవాళ్లు మరచిపోతుంటారు, ఫోనో ప్రీయాంప్. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జి నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టుల విద్యుత్తే. అంతేకాదు, రికార్డులో గాడి కోసేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి కోస్తారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ వెడల్పుగా ఊగి, పక్క గాడిలోకి చొరబడుతుంది. వినేటప్పుడు ఈ హెచ్చుతగ్గులను తిరగేసి సరిచేయాలి. 1954లో అందరికీ ఒకే కొలత కుదిరింది, దాన్నే ఆర్‌ఐఏఏ అంటారు. ఆ పని చేసేది ఫోనో ప్రీయాంపే. కొన్ని టర్న్‌టేబుళ్లలోనూ, కొన్ని యాంప్లిఫయర్లలోనూ అది లోపలే ఉంటుంది. లేకపోతే విడిగా కొనాలి. అది లేకుండా కలిపితే శబ్దం పలచగా, కీచుగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. రెండుచోట్లా ఉండి రెండూ పనిచేస్తుంటే మోత బద్దలైపోతుంది. వినగానే గుర్తుపట్టవచ్చు.

ముల్లు బరువు పెట్టడం నువ్వే నేర్చుకో, ఎవరికీ అప్పగించకు. చెయ్యి లోపలివైపు లాగకుండా ఆపే యాంటీ స్కేటింగ్ మీటను సున్నా మీద ఉంచి, ముల్లు తొడుగు తీసి, చేతిని దాని గూటి నుంచి విడిపించు. ముల్లు దేనికీ తగలకుండా వేలు కింద ఆసరాగా ఉంచు. వెనకనున్న బరువును నిదానంగా తిప్పుతూ పోతే ఒకచోట చెయ్యి అటు లేవకుండా, ఇటు వాలకుండా గాలిలో సమంగా తేలుతుంది. అక్కడ ఆపి చేతిని మళ్లీ గూట్లో పెట్టు. ఆ బరువు ముందున్న అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తిప్పు, బరువు కదలకూడదు. ఇప్పుడు రెండూ కలిపి, కార్ట్రిడ్జి తయారుచేసినవాళ్లు చెప్పిన అంకె దాకా తిప్పు. ఇప్పటి కార్ట్రిడ్జిల్లో ఎక్కువ భాగానికి అది 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఉంటుంది. యాంటీ స్కేటింగ్‌నూ అదే అంకె మీద పెట్టు. బరువు తక్కువగా ఉంటే రికార్డు అరగదని కొందరు ఇంకా తగ్గిస్తారు. అది తప్పు. బరువు చాలకపోతే మొన గాడిలో నిలవక గోడలకు కొట్టుకుంటుంది, అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

టర్న్‌టేబుల్ కింద బల్ల కదలకూడదు, మట్టం సరిగా ఉండాలి. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టకు. కూనిరాగం తీసినట్టు సన్నటి హోరు వినిపిస్తే ముందు ఎర్తు తీగ బిగించావో లేదో చూడు.

ఇక రికార్డుల రకాలు. కొలంబియా కంపెనీ 1948లో తెచ్చిన 12 అంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ తెచ్చిన 7 అంగుళాలది 45 చుట్లు. స్టీరియో ఎల్పీలు 1958 ప్రాంతంలో అంగళ్లకు వచ్చాయి. వాటికి ముందు తరం 78 చుట్ల రికార్డు లక్కతో చేసినది, కింద పడితే పెళుసుగా విరిగిపోతుంది. దాని గాడి వెడల్పు, ముల్లు వేరు. ఎల్పీ మొన గుండ్రం వ్యాసార్ధం 0.018 మిల్లీమీటర్లయితే, 78కి కావలసినది దాదాపు 0.07 మిల్లీమీటర్లు. ఎల్పీ ముల్లుతో 78 ఆడిస్తే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, గరగర తప్ప ఏమీ రాదు. ఆ పాత లోకం చాలా అందమైనదే, కానీ దానికి వేరే ముల్లూ వేరే ఓర్పూ కావాలి. మొదటి ఏడాది ఎల్పీలతోనే ఉండు.

పాత రికార్డులు కొనేటప్పుడు అట్ట చూసి మురిసిపోకు. లోపలున్నది అట్ట మీద రాసిన రికార్డేనా అని చూడు, తారుమారైనవి తరచుగా తగులుతాయి. అంచులను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఒకే దీపం కిందికి తీసుకెళ్లి ఏటవాలుగా వంచు. వెలుతురు రికార్డు మీద ఒక చారలా జారుతుంది. రికార్డును మెల్లగా తిప్పుతూ ఆ చారనే చూస్తూ ఉండు. సాలెగూటి పోగుల్లాంటి సన్న గీతలు కవరులో పెట్టి తీయడం వల్ల పడినవి, చాలావరకు వినపడవు. గోటి కొనను తేలికగా ఆనిస్తే తగిలే గీత మాత్రం తప్పకుండా వినపడుతుంది. గాడులకు అడ్డంగా ఉంటే చుట్టుకొకసారి, అంటే 1.8 సెకన్లకొకసారి టక్‌మంటుంది. గాడి వెంబడి పొడుగునా పోయిన గీత ఇంకా ప్రమాదకరం, ముల్లు అక్కడే చిక్కుకుని ఒకే మాట పదేపదే పాడవచ్చు. గీతలు లేకపోయినా నల్లటి మెరుపు పోయి బూడిదరంగు తేలి ఉంటే అరిగిన ముల్లు కింద నలిగిందన్నమాట. దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకు. నడిమి కన్నం చుట్టూ లేబుల్ మీద గీకుడు గుర్తులు ఎన్ని ఉంటే అన్నిసార్లు తడుముతూ పెట్టారని అర్థం. చివరగా కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని అంచు చూడు, వంపు ఉంటే బయటపడుతుంది. కొద్దిపాటి వంపు అయితే ముల్లు నడిచిపోతుంది.

దూరం నుంచి కొంటే అమ్మేవాళ్లు స్థితిని అక్షరాల్లో చెబుతారు. మింట్ అంటే కొత్తదానిలా ఉన్నది, తర్వాత నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, ఆ కిందిది గుడ్. ఆ గుడ్ బాగా అరిగినదని తెలుసుకో. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు వీజీ ప్లస్ సరైన చోటు. ధర భరించగలిగేలా ఉంటుంది, వినడానికీ బాగుంటుంది. పాట అయిపోయాక లేబుల్‌కూ గాడికీ మధ్య ఖాళీగా ఉండే వలయంలో గీసినట్టు చిన్న అంకెలూ అక్షరాలూ కనిపిస్తాయి. అదే మాట్రిక్స్ నంబరు. డిస్కాగ్స్ అనే వెబ్‌సైటు‌లో ఆ నంబరు వెతికితే నీ చేతిలో ఉన్నది ఏ దేశంలో, ఏ ముద్రణలో అచ్చయిందో చాలాసార్లు తెలిసిపోతుంది. అలాగని మొదటి ముద్రణ కోసం వెంపర్లాడకు. అరిగిన మొదటి ముద్రణ కంటే జాగ్రత్తగా చేసిన పునర్ముద్రణ వెయ్యి రెట్లు మేలు. 180 గ్రాములని అట్ట మీద గొప్పగా రాస్తారు. ఆ బరువు పట్టుకోవడానికి దిట్టంగా ఉంటుందే గానీ శబ్దాన్ని బాగుచేయదు. శబ్దం అచ్చుకు ముందు సంగీతాన్ని తీర్చిదిద్దే మాస్టరింగ్‌లోనూ, అచ్చు వేయడంలోనూ ఉంది. బొమ్మ అచ్చయిన రికార్డులు గోడకు అందం, వాటిలో గరగర ఎక్కువ.

ప్రతిసారీ ఆడించే ముందు కార్బన్ బ్రష్షును తిరుగుతున్న రికార్డు మీద రెండు చుట్లు ఆనించి దుమ్ము తీసెయ్యి. ముల్లును వెనక నుంచి ముందుకే తుడవాలి, ఎదురు తుడిస్తే విరుగుతుంది. పాతవి కొన్నప్పుడు డిస్టిల్డ్ నీటితో కడుగు, కుళాయి నీటిలోని ఉప్పు ఆరాక గాడిలో మిగిలిపోతుంది. లక్క రికార్డులకు ఆల్కహాల్ ఉన్న ద్రవం ఏదీ తగలనీయకు, లక్క కరిగిపోతుంది. లోపలి కాగితపు కవర్లు తీసేసి పాలిథిన్ కవర్లు వెయ్యి. రికార్డులను ఎప్పుడూ నిలబెట్టే ఉంచు. ఒకదాని మీద ఒకటి పేర్చినా, పక్కకు వాల్చినా వంగుతాయి. ఎండ పడే కిటికీ దగ్గర, వేడెక్కిన కారులో అరక్షణం కూడా వదలవద్దు. అర కొనేటప్పుడు బరువు లెక్క చూసుకో, అట్టలతో కలిపి నూరు ఎల్పీలు 20 కిలోలు దాటుతాయి.

ఎల్పీ అంటే డిజిటల్ కంటే మెరుగైన శబ్దమని ఎవరైనా ఒట్టేసి చెబితే తల ఊపి ఊరుకో. కొలిచి చూస్తే సీడీలో అనవసరపు సద్దు తక్కువ. ఎల్పీలో లోపలికి వచ్చేకొద్దీ ముల్లు కింద గాడి నడిచే వేగం సెకనుకు 50 సెంటీమీటర్ల నుంచి 20 దాకా పడిపోతుంది, వైపు చివర్లో తారస్వరాలు కొంచెం చెదరడం అందువల్లే. అవన్నీ తెలిసే నేను ఎల్పీ వింటాను. ఒక వైపు ఇరవై నిమిషాలు, మధ్యలో పాట దాటవేయాలన్న ఆలోచన రాదు. పాడినవాళ్లు ఏ వరుసలో వినిపించాలనుకున్నారో ఆ వరుసలోనే వింటాం. లేచి తిరగేయాలి గనుక రెండో వైపు వినాలా వద్దా అని మనసును అడగవలసి వస్తుంది. సంగీతానికి అంత మర్యాద దక్కే చోటు ఇప్పుడు ఇంట్లో ఇంకెక్కడా లేదు.

అందుకే మొదట అయిదే అయిదు కొను. ఫోనులో రెండు వైపులంత సేపూ విసుగు లేకుండా మళ్లీ మళ్లీ విన్న సంగీతమే అయి ఉండాలి. ఒక్క పాట కోసం మొత్తం రికార్డు కొనవద్దు. ఆ అయిదూ బాగా విన్నాక ఆరోది ఏదో నీకే తడుతుంది: అదే వాయిద్యకారుడు వేరేచోట వాయించినది, లేదా అట్ట వెనక సన్నక్షరాల్లో చదివిన మరో పేరు. అట్ట వెనక రాతలు తప్పక చదువు, నా అరలో సగం అక్కడి నుంచే వచ్చాయి. పరిమిత ప్రతులు, రంగు రికార్డులు అంటూ తొందరపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్ల తొందర నీది కాదు.

టర్న్‌టేబుల్ ఖాయం చేసుకునే ముందు కార్ట్రిడ్జి మీద రాసి ఉన్న పేరూ నంబరూ నాకు రాసి పంపు. దానికి సరిపడే ముల్లు ఇప్పటికీ తయారవుతోందో లేదో చూసి చెబుతాను. కొన్ని పాత కార్ట్రిడ్జిలకు దొరకడం లేదు, అలాంటిది అయితే యంత్రం ఎంత బాగున్నా కార్ట్రిడ్జి కూడా మార్చాల్సిన ఖర్చు కలుపుకోవాలి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న