ఆయన ఉద్యోగం మానేశారు, మరి నేనూ మానేయాలా?

ప్రశ్న: మేము కొలరాడోలో ఉంటాం. మా పాపకి పన్నెండేళ్లు. స్నోబోర్డింగ్‌లో (పలక మీద నిలబడి మంచుపై జారే ఆట), ముఖ్యంగా హాఫ్‌పైప్‌లో (సగం గొట్టంలాంటి మంచు గోడల మధ్య ఎగిరి చేసే విన్యాసాలు), మంచి భవిష్యత్తు ఉందని కోచ్ అంటున్నారు. మామూలు స్కూలు మాన్పించి వింటర్ స్పోర్ట్స్ అకాడమీలో చేర్చమంటున్నారు. స్నోబోర్డింగ్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన క్లోయీ కిమ్ తండ్రి ఇంజనీరు ఉద్యోగం వదిలేసి కూతుర్ని ఛాంపియన్‌ని చేశారు కదా, నేనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేయాలా? అకాడమీ మేలా, స్కూలు మేలా? పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను గానీ, ముందు ఒకటి అడగాలి. కోచ్ ఏమన్నారో రాశారు, క్లోయీ తండ్రి ఏం చేశారో రాశారు. మీ పాప ఏమంటోందో ఒక్క ముక్కయినా రాయలేదేం? ఆట ఏదైనా ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. అన్నింటి అడుగునా ఉండే భయం ఒకటే: ఇప్పుడు తెగించకపోతే బిడ్డ బంగారు భవిష్యత్తుని నేనే పాడుచేసినవాణ్ణవుతానేమో అని. పన్నెండేళ్లకే మూసుకుపోయే దారి కాదిది, కాస్త ఊపిరి పీల్చుకోండి. ఆస్ట్రియాకి చెందిన ఆనా గాసర్ చిన్నప్పుడు జిమ్నాస్ట్. టీనేజీ చివర్లో గానీ స్నోబోర్డు పట్టలేదు. అయినా 2018లోనూ 2022లోనూ బిగ్ ఎయిర్‌లో (పెద్ద ర్యాంపు మీంచి ఎగిరి గాల్లో విన్యాసం చేసే స్నోబోర్డింగ్ పోటీ) ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది.

ఇక క్లోయీ కథ. మీరు సగం దగ్గరే ఆగిపోయారు. నాలుగేళ్లకే బోర్డెక్కింది, తండ్రి దక్షిణ కాలిఫోర్నియా నుంచి మామత్ మౌంటెన్ అనే మంచుకొండ దాకా గంటల తరబడి కారు నడిపారు, 2014 సోచీ ఒలింపిక్స్‌కి వయసు చాలలేదు, 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో 98.25 స్కోరుతో పదిహేడేళ్లకే స్వర్ణం. ఇదంతా మీకు కంఠతా వచ్చినట్టుంది. ఆ తర్వాత ఒక దశలో ఆ పతకాన్నే చెత్తబుట్టలో పడేశానని ఆమే చెప్పిన సంగతి విన్నారా? 2019లో చీలమండ విరిగింది. అదే ఏడాది ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చేరింది, ఒక సీజన్ మొత్తం పోటీల జోలికి పోలేదు. తిరిగొచ్చాకే 2022లో బీజింగ్‌లో మళ్లీ గెలిచింది. విసిగిపోయినప్పుడు పక్కకు తప్పుకోవడానికి ఆమెకొక చోటు ఉంది. పాపని ఎక్కడ చేర్చాలన్నా నేను ముందు చూసేది అదే.

అకాడమీల మీద నాకున్న అనుమానమూ అక్కడే. మంచు మీద ఎక్కువ గంటలు, మంచి కోచ్‌లు, శిక్షణని బట్టి క్లాసులు: ఇవి నిజమైన లాభాలే. మీ కొలరాడోలోని వేల్‌లో ఉన్నట్టు ప్రభుత్వ పాఠశాలగా నడిచేవీ ఉన్నాయి, ప్రైవేటువాటికి మాత్రం జేబు బాగా బరువుండాలి. కానీ స్నేహితులు, మాటలు, రోజు మొత్తం ఒకే ఆట చుట్టూ తిరిగే చోట, కాలు విరిగిన పిల్ల ఆర్నెల్లు ఏం చేస్తుంది? హాఫ్‌పైప్ గోడలు 22 అడుగుల ఎత్తు, కింద గట్టిపడ్డ మంచు. కెవిన్ పియర్స్ అనే అమెరికన్ కుర్రాడు 2009 డిసెంబరు 31న, వాంకోవర్ ఒలింపిక్స్‌కి కొద్ది వారాల ముందు, ప్రాక్టీసులో పడి మెదడుకి తీవ్రంగా దెబ్బ తగిలించుకున్నాడు. పోటీల జీవితం అక్కడితో సరి.

కాలేజీ స్కాలర్‌షిప్ ఆశ ఉంటే అదీ చెబుతాను. అమెరికాలో కాలేజీ పోటీలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ; స్కీయింగ్ దాని క్రీడ, స్నోబోర్డింగ్ కాదు. ఒలింపిక్ స్వర్ణానికి అమెరికా ఒలింపిక్ కమిటీ ఇస్తూ వచ్చింది 37,500 డాలర్లు. మీ ఏడాది జీతం ఎంతో మీకు తెలుసు. పెద్ద డబ్బంతా స్పాన్సర్లది, అదీ శిఖరం మీదున్న కొద్దిమందికే.

ఉద్యోగం మాత్రం మానకండి. కోపం వచ్చినా సరే, అంటాను: మీరు రాజీనామా చేసిన రోజు నుంచి ఆ పిల్ల పడే ప్రతి కష్టమూ మీరు వదులుకున్న జీతానికి బాకీ తీర్చినట్టే అవుతుంది. ఇక ఆట వద్దనిపించినా నోరు విప్పదు. పైగా మీ ఇంటి ఆరోగ్య బీమా ఆ ఉద్యోగంతోనే వస్తుంటే, ఎముకలు విరిగే ఆటకి ముందు దాన్ని వదులుకుంటారా?

వచ్చే సీజన్ స్కూల్లోనే ఉంచి, క్లబ్బు తరఫున వారాంతాల్లో ఆడనివ్వండి. వేసవిలో ఒక క్యాంపుకి పంపండి. సీజన్ అయ్యాక, కోచ్ లేనప్పుడు, అకాడమీకి వెళ్తావా అని ఆమెనే అడగండి. వెళ్తానంటే పద్నాలుగో ఏట చేర్చినా ఆలస్యమేం కాదు. ఈలోగా తలకి దెబ్బ తగిలితే, ఎంత పెద్ద పోటీ అయినా, డాక్టరు సరేననేదాకా బోర్డు ముట్టనివ్వొద్దు.